ఆరు పళ్ళ బుల్లోడి కేకు

“మా బుల్లోడి పుట్టినరోజండీ. రెండు కేజీల కేకు కావాలి,” అన్నాడు యలమంద.

ప్రత్తిపాడు మెయిన్ రోడ్డులో ఇంటి ముందు గదే అఖిల కేకుల షాపు. పెట్టి ఎనిమిది నెలలైంది. గుంటూరు ఎండకి క్రీము పూలు పూయవని, కారిపోతాయని ఈపాటికి ఆమెకి బాగా తెలిసొచ్చింది. కరెంటు కూడా సరిగ్గా క్రీము గిలక్కొట్టే వేళకే పోతుంది. ఇక చూడముచ్చటైన కుర్రాడెవరైనా షాపులోకి వచ్చాడంటే, అది భార్య పుట్టినరోజో పెళ్ళిరోజో అయ్యుంటుంది. ఇతను కొడుకు కోసం వచ్చాడు, అంతే తేడా.

నిట్టూర్చి ఆర్డరు పుస్తకం తీసింది.

“ఎన్నో పుట్టినరోజు?”

“సరిగ్గా తెలీదండీ. ఈమధ్యే ఆరు పళ్ళొచ్చాయి.”

కన్నకొడుకు వయసు తెలియని తండ్రి! సరే, ఆరు పళ్ళంటే ఏడాది ఉంటుందిలే అనుకుని, ‘మొదటి పుట్టినరోజు’ అని రాసుకుంది.

“వాళ్ళమ్మకి తెలిసుంటుందిగా?”

“వాళ్ళమ్మ కనిగిరిలోనే ఉండిపోయిందండీ. మా నాన్న వెళ్ళి, మాట్లాడి, వీణ్ణొక్కణ్ణే తీసుకొచ్చాడు.”

అఖిల పెన్ను ఆగిపోయింది. “అయ్యో. బెంగపెట్టుకోలేదా?”

“రెండ్రోజులు ఏమీ ముట్టలేదు. నేనే పక్కన పడుకున్నా. ఇప్పుడు నేను పెడితేగానీ తినడు.”

ఆ తర్వాత మూడు రోజులూ అఖిల, ఎన్నడూ చూడని కనిగిరి మనిషిని మనసులో తిడుతూనే ఉంది. ఇంత మంచి మనిషినీ, పసివాణ్ణీ వదిలేసి ఎలా ఉండగలిగిందో! నీలం క్రీముతో ఉయ్యాల చేసింది, అందులో పాలసీసా పెట్టింది, అంచున చిట్టి పాదాలు దిద్దింది. మామూలుగా కస్టమర్లే వచ్చి కేకు పట్టుకెళ్ళాలి. ఈసారి తనే స్కూటీ మీద బయల్దేరింది.

“నువ్వెందుకే?” అంది తల్లి సుబ్బరావమ్మ.

“కస్టమర్ సర్వీసమ్మా,” అంది కొత్త చున్నీ సర్దుకుంటూ.

యలమంద ఇంటి ముందు ఊరు ఊరంతా ఉంది. డప్పులు మోగుతున్నాయి, సెల్‌ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి. అందరి మధ్యా మెడలో బంతిపూల దండతో ఆరడుగుల తెల్లటి ఒంగోలు గిత్త నిలబడి ఉంది.

“బాబేడండీ?” అంది అఖిల.

“ఇడుగో,” అంటూ యలమంద గిత్త మెడ నిమిరాడు.

ఈలోపు అతని తండ్రి వెంకయ్య పెట్టె మూత తీశాడు. “ఒరేయ్, ఇదేంట్రా? పోటీల్లో బండ లాగే గిత్తకి పాలసీసానా?”

జనం గొల్లుమన్నారు. నవ్వనిది గిత్త ఒక్కటే. అది ఉయ్యాలని శుభ్రంగా నాకేసింది.

అఖిల యలమందని పక్కకి లాగింది. “ఎద్దని చెప్పొచ్చుగా!”

“ఎద్దు కాదండీ, గిత్త. ఆరు పళ్ళన్నాగా! పశువులకి పళ్ళు చూసేగా వయసు చెప్పేది?”

“నాకేం తెలుసు? మూడు రోజుల్నించి మీ ఆవిణ్ణి తిట్టుకుంటున్నా.”

“ఏ ఆవిణ్ణి?”

“కనిగిరి ఆవిణ్ణి.”

యలమంద నెత్తి కొట్టుకున్నాడు. “ఆవిడ కాదండీ, ఆవు. నాకింకా పెళ్ళే కాలేదు.”

అఖిల మండిపడుతూ స్కూటీ ఎక్కింది. ఆ కోపం ఊరి మలుపు దాకా ఉంది. మలుపు తిరిగాక ఎందుకో నవ్వొచ్చింది.

సాయంత్రానికి నవ్వు మాయమైంది. పాలసీసా వీడియో ఒంగోలు దాకా వెళ్ళింది. ఒకాయన ఫోన్ చేసి, తన గేదెకి చాక్లెట్ కేకు చేస్తావా అని అడిగాడు. ఆ తర్వాత జయకుమారి టీచర్ చేసింది. ఆవిడ కూతురి పెళ్ళికి మూడంతస్తుల కేకు చేస్తానని అఖిల అంతకుముందే ఒప్పుకుని ఉంది.

“ఏమ్మా, పశువులకి చేసే గిన్నెల్లోనే మాకూ చేస్తావా? చుట్టాలు నవ్వుతున్నారు. మేం గుంటూరులో చెప్పుకుంటాంలే.”

ఆ కేకు బాగా కుదిరితేనే షాపు ఉంటుందని, లేకపోతే షట్టరు దించి బ్యాంకు కోచింగుకి వెళ్ళాలని తండ్రి జయరావు ముందే చెప్పాడు. అఖిల ఆ పూట అన్నం తినలేదు.

రెండోరోజు టీచరు మళ్ళీ ఫోన్ చేసింది. “ఎవరో యలమందట, సంగతి ఊళ్ళో విని వచ్చాడమ్మా. తనే సరిగ్గా చెప్పలేదట, నీ తప్పేం లేదన్నాడు. ఫ్రిజ్‌లో దాచుకున్న ముక్క కూడా తెచ్చి చూపించాడు. ఆ పాదం ఎంత ముద్దుగా చేశావే! మాకు నువ్వే చెయ్యి.”

పెళ్ళి గుంటూరులో. ఆ రోజు ఎండ నలభై రెండు డిగ్రీలు. కేకు కారిపోకుండా యలమంద స్నేహితుడి కారు తెచ్చి, ఏసీ పూర్తిగా పెట్టాడు. వెనక సీట్లో అఖిల రెండు చేతులతో కేకుని కాచుకుని కూర్చుంది. కారు ఇరవై మీద పోతోంది. మిర్చి బస్తాల ట్రాక్టర్లు కూడా హారన్ కొట్టి మరీ దాటుకుపోతున్నాయి.

“ఆ ముక్కెందుకు దాచుకున్నారు?” అంది అఖిల.

“తినబుద్ధి కాలేదండీ. మీరు చేసిందిగా.” గొంతు సవరించుకున్నాడు. “అఖిల గారూ, ఒకటి అడగనా?”

“స్పీడ్ బ్రేకర్! ముందు రోడ్డు చూడండి!”

అతను మూడుసార్లు మొదలుపెట్టాడు. రోడ్డు మూడుసార్లూ అడ్డొచ్చింది.

గుంటూరు చేరేసరికి కేకు మీద ఒక్క క్రీము గులాబీ మాత్రం పక్కకి ఒరిగింది. అఖిల దాన్ని నిలబెట్టేసరికి జయకుమారి టీచర్ ఆమెని వాటేసుకుంది.

తిరుగు ప్రయాణంలో అఖిల ముందు సీట్లో కూర్చుంది. ఇప్పుడు కేకు లేదు, స్పీడ్ బ్రేకర్ల భయమూ లేదు. యలమంద మాత్రం నోరు మెదపడం లేదు.

“ఏదో అడుగుతానన్నారు?”

“ముందు మీ నాన్నగారిని అడిగితే బాగుంటుందేమోనని...”

“పెళ్ళి మా నాన్న చేసుకోడు కదండీ.”

కారు గక్కున ఆగింది. ఎక్కడాగిందో ఇద్దరూ చూసుకోలేదు. పక్కనే ఎర్రగా మిర్చి ఆరబోసిన కల్లం. అద్దం దించగానే ఘాటు గుప్పున కొట్టింది. కళ్ళనిండా నీళ్ళతో యలమంద అడిగాడు:

“నన్ను చేసుకుంటారా?”

అఖిల నోరు తెరిచింది. గట్టిగా తుమ్మింది.

యలమంద మొహం పాలిపోయింది. “ఒంటి తుమ్మండీ... మంచిది కాదేమో.”

“ఆగండి,” అంది అఖిల, ముక్కు దగ్గర చున్నీ పెట్టుకుని, ఒక చెయ్యి అతని చేతి మీద వేసి. “ఇంకోటి వస్తోంది.”

వచ్చింది.

“ఊఁ. ఇప్పుడు పోనివ్వండి, మా నాన్న దగ్గరికి,” అంది.