మాయమైన ఐదు గంటల నలభై నిమిషాలు

ఆ సోమవారం పొద్దున నేను చేయాల్సిన పనులివి:

కుర్చీ ఫైలు తెరవాలి.
తలుపు ఫైలు తెరవాలి.
రెండింట్లోని సమయాలను స్క్రిప్టుతో కలపాలి. ఒకదాని మీద ఒకటి పడినవాటిని ఒకే ముక్క చేయాలి.
మధ్యలో ఖాళీలుంటే ఎర్ర రంగు వేయాలి.
పదకొండింటికల్లా రిపోర్టు మేనేజరుకు పంపాలి.
నాన్నకు ఫోన్ చేసి బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కోవాలి.
ప్రొబేషన్ ఇంకా మూడు వారాలే ఉంది కాబట్టి ఎవరిచేతా మాట పడకూడదు.

పన్నెండున్నరకు ఆ అమ్మాయి మా గదిలోకి దూసుకొచ్చింది.

మాది టీకా మందులు నిల్వచేసే గోదాము. కింది అంతస్తులో కోల్డ్ రూమ్. దాని దగ్గర కాపలా డ్యూటీ ఆమెది. ఎండలు మండుతున్నా మందపాటి స్వెటర్‌తోనే తిరుగుతుంది కాబట్టి ఆఫీసులో అందరూ ఆమెను "స్వెటర్" అనే అంటారు. చలిలోంచి ఒక్కసారిగా వేడిలోకి రావడంతో ఆమె కళ్ళజోడు పూర్తిగా మసకబారింది. అలాగే వచ్చి, నా పక్క సీటాయన ముందు కాగితం విసిరింది.

"ఏవండీ, మనిషన్నవాడు రాసే రిపోర్టేనా ఇది?"

పాపం, పక్క సీటాయనకు ఏ పాపమూ తెలియదు. నోట్లో పెట్టుకున్న బిస్కెట్ అలాగే ఉండిపోయింది. వేలితో నన్ను చూపించాడు. ఆ మసకలో ఆమెకు వేలు కనిపిస్తేగా!

"మాట్లాడరేం? రాసేటప్పుడున్న ధైర్యం ఇప్పుడేమైంది?"

"నేనండీ," అన్నాను లేచి నిలబడి. "అది పంపింది నేను."

ఆమె కళ్ళజోడు తీసి, స్వెటర్ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూసింది. ఆ చూపుకు నిలబడాలో కూర్చోవాలో నాకు తెలియలేదు.

"నిన్న పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా నేను అక్కడే ఉన్నాను. ఎనిమిదీ ఇరవైకే వెళ్ళిపోయానని ఎలా రాస్తారు?"

"నేను రాయలేదండీ. స్క్రిప్టు తీసింది."

"స్క్రిప్టంటే ఎవరు, మీ తమ్ముడా?"

పక్క సీటాయనకు పొలమారింది.

"ప్రోగ్రామండీ. అది అబద్ధం చెప్పదు."

"అంటే నేను చెప్తున్నానా? అయితే ఆ ఐదు గంటల నలభై నిమిషాలు ఎక్కడికెళ్ళానో కూడా దాన్నే అడగండి. పార్కుకా? ఎవరితో? ఆ మహానుభావుడి పేరేదో కనుక్కుని చెప్తే నేనూ సంతోషిస్తాను."

నాకు నవ్వు రాబోయింది. కానీ ఆమె గడ్డం వణుకుతోంది.

"మేనేజరు గారు నన్ను నాలుగింటికి రమ్మన్నారు. నన్ను తీసేస్తారట. గది అరగంటకు మించి కాపలా లేకుండా ఉంటే లోపలి మందు వాడకూడదని రూలుంది కదా, నిన్న దించిన రెండొందల పెట్టెలూ కాల్చేస్తారట. పసిపిల్లలకు వేసేవండీ అవి!"

నేను రెండు ఫైళ్ళూ తెరిచాను.

కోల్డ్ రూమ్ అద్దం పక్కన ఒక కుర్చీ ఉంటుంది. కాపలా మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ముగించేటప్పుడో ఇంకొకరికి అప్పగించేటప్పుడో ఒకసారి బటన్ నొక్కాలి. అది కుర్చీ ఫైలు. కార్డుతో తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా నమోదయ్యేది తలుపు ఫైలు. నిన్నటి కుర్చీ సమయం ఆరు నుంచి రెండు. తలుపు సమయం ఎనిమిది నుంచి ఎనిమిదీ ఇరవై.

"తలుపెందుకు తీశారు?"

"పెట్టెలు వస్తే దించుకోవద్దా? దించేసి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. రోజూ అయితే పెట్టెలు దించుతుండగానే ఇంకొకాయన వస్తాడు, కుర్చీ మారుతుంది, మేం టీకి వెళ్తాం. నిన్న ఆదివారం, ఆయన రాలేదు. గది వదల్లేక అక్కడే ఉండిపోయాను. బాత్రూమ్‌కు కూడా వెళ్ళలేదు, చాలా? అది కూడా రిపోర్టులో రాస్తారా?"

అప్పుడు కనిపించింది.

రెండు సమయాలు ఒకదాని మీద ఒకటి పడితే, మొదటిదాని ఆరంభం, రెండోదాని ముగింపు తీసుకోమని స్క్రిప్టులో రాశాను. అంచులు మాత్రమే తగిలే ముక్కలకు అది సరిపోతుంది. కానీ చిన్న ముక్క పెద్ద ముక్క కడుపులో ఉంటే? చిన్నదాని ముగింపే మొత్తానికీ ముగింపవుతుంది. రెండు ముగింపుల్లో ఏది ఆలస్యమో అది తీసుకోవాలి. దానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట నేను రాయలేదు.

చలిగదిలోంచి వచ్చింది ఆమె, వణుకుతున్నది నేను.

"ఏమైందండీ? అలా అయిపోయారేం?"

"మీరు అక్కడే ఉన్నారు."

"అది నాకు తెలుసు!"

"లేచి తిరిగినవాళ్ళకు ఏమీ కాలేదు. కదలకుండా కూర్చున్నందుకే మీ సమయం పోయింది. తప్పు నాది."

తిట్టడానికి అంత దూరం వచ్చిన మనిషికి, అవతలివాడు ఒప్పేసుకుంటే ఏం చేయాలో తోచలేదు.

మెట్ల దగ్గరికి వెళ్ళి నాన్నకు ఫోన్ చేశాను. మా ఇంట్లో కాలేజీ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాన్న ముప్పై ఏళ్ళు బస్తాలు మోసి నన్ను చదివించాడు. విషయం చెప్పాను.

"ఒప్పుకుంటే ఉద్యోగం పోవచ్చు నాన్నా."

"ఒప్పుకోకపోతే?"

"ఆ అమ్మాయిది పోతుంది."

"మరి నాకెందుకురా ఫోన్ చేశావ్? వెళ్ళి చెప్పెయ్. పోతే ఇంటికి రా, అన్నం ఉంది." ఒక క్షణం ఆగి అన్నాడు, "మాత్ర వేసుకున్నానులే."

నాలుగింటికి ఆమెతోపాటు మేనేజరు ముందు నిలబడి చెప్పేశాను. దిద్దిన స్క్రిప్టుతో తీసిన రిపోర్టు కూడా ముందుపెట్టాను. ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"పెట్టెలు తీసుకెళ్ళే బండిని ఆపమని చెప్పండి," అన్నాడు ఫోన్‌లో. తర్వాత నాతో, "నీ ప్రొబేషన్ సంగతి రేపు మాట్లాడదాం," అన్నాడు.

హమ్మయ్య అనుకుని తలుపు వైపు తిరిగాను. ఆమె కదల్లేదు.

"సార్, మరి బాబాయ్ సంగతేంటి?"

"ఏ బాబాయ్?" అన్నాను నేను.

"నాకు పని నేర్పిన పెద్దాయన. రెండు నెలల క్రితం డ్యూటీ వదిలేసి వెళ్ళారని పంపేశారుగా. అప్పటిదాకా ఆయన దగ్గర నేర్చుకుంటున్న నన్నే ఆయన చోట పెట్టారు. ఆ రోజూ ఆదివారమే; ఎప్పుడోగానీ ఆదివారం పెట్టెలు రావు, ఆ రోజూ నిన్నటిలాగే వచ్చాయి."

ఆ రిపోర్టు నాకు బాగా గుర్తు. ఉద్యోగంలో చేరిన కొత్త. "భలే పట్టావోయ్" అని మేనేజరు నా భుజం తట్టిన రోజది. ఆ సంతోషంలో ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

అక్కడే, ఆయన కంప్యూటర్‌లోనే ఆ తేదీ ఫైళ్ళు తెరిచి, కొత్త స్క్రిప్టు నడిపాను. ముగ్గురమూ తెర వైపే చూశాం. ఆరు నుంచి రెండు. ఒక్క ముక్క. ఖాళీ లేదు.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. నాకు ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

"పదండి," అంది. "ఇల్లు నాకు తెలుసు."

బయట వాన మొదలైంది. కొత్త కాగితం చొక్కాలో దాచుకున్నాను. ఆమె గొడుగు మొత్తం తన వైపే పట్టుకుంది. సగం ఇవ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు.

మూడో అంతస్తులో తలుపు తీసింది ఆయన భార్య, ఈ అమ్మాయి పిన్ని అని పిలిచే ఆవిడ. లోపల పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. నేను కాగితం ఇచ్చి, ఎక్కడ తప్పు చేశానో మొత్తం చెప్పాను. ఆయన రెండుసార్లు చదివారు.

"నేనక్కడే ఉన్నానా?"

"ఉన్నారండీ. ఆరు నుంచి రెండు దాకా."

"కూర్చున్నచోటే నిద్రపోయి, ఆ నిద్రలో ఎటైనా నడిచి వెళ్ళిపోయానేమో అనుకున్నాను బాబూ. కంప్యూటర్ చెప్పిందంటే నిజమే అయ్యుంటుందిగా. డాక్టరుకు కూడా చూపించుకున్నాను, ఇదేమన్నా జబ్బా అని."

"స్టవ్ దగ్గరికే రావడం మానేశారు," అంది పిన్ని. "వెలిగించి ఎటైనా వెళ్ళిపోతానేమోనని భయం."

ఇలాంటి మాట వింటానని నేను అనుకోలేదు. తిడతారనుకున్నాను. కొడతారేమో అని కూడా అనుకున్నాను. ఆయన నన్ను నమ్మి, తనను తాను అనుమానించుకున్నారు. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

పెద్దాయన లేచి, వంటింట్లోకి వెళ్ళి, స్వయంగా స్టవ్ వెలిగించారు. పిన్ని గుమ్మం పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నాలుగు గ్లాసుల టీ వచ్చింది.

"ఈ అబ్బాయిని ఎక్కడ పట్టావే?" అని అడిగారు ఆమెను.

"తిట్టడానికెళ్తే దొరికాడు బాబాయ్."

"అయితే వదలకు. తిట్టించుకునేవాళ్ళు ఈ రోజుల్లో దొరకడం లేదు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. టీ వేడికి కళ్ళజోడు మళ్ళీ మసకబారింది. ఈసారి తుడుచుకోలేదు.

దిగేటప్పుడు మెట్ల మీద అడిగాను, "మీకు నా మీద అసహ్యంగా లేదా?"

"మధ్యాహ్నం గట్టిగానే ఉండింది. ఇప్పుడెంత వెతికినా దొరకట్లేదు."

"నాకు మీరంటే..." అని ఆగిపోయాను.

"మొత్తం చెప్పండి. సగంలో కోసేయడం మీకు అలవాటే."

చెప్పాను. తడిసిన చొక్కాతో, మెట్ల మీద, ఎవరో సైకిల్ ఎత్తుకుని పైకి వెళ్తుంటే పక్కకు తప్పుకుంటూ చెప్పాను. ఆమె సైకిలాయన వెళ్ళేదాకా ఆగి, "సరే," అంది.

నా ప్రొబేషన్ మరో ఆరు నెలలు పొడిగించారు. దానికి నాకు బాధ లేదు. వచ్చే నెల మా పెళ్ళి.

పెద్దాయనను మళ్ళీ రమ్మని ఉత్తరం పంపారు. ఆయన ఒక్కరోజు వచ్చారు. ఆరింటికి బటన్ నొక్కి కూర్చున్నారు. కుర్చీ మారడానికి ఇంకొకాయన వచ్చినా లేవలేదు. రెండింటికి మళ్ళీ బటన్ నొక్కి, "చాలమ్మా" అని నేను చేసుకోబోయే అమ్మాయి తల నిమిరి, ఇంటికి వెళ్ళిపోయారు. ఇక రాలేదు.

ఇది చదివిన మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. ఎప్పుడైనా ఎవరైనా మీకో కాగితం చూపించి, "అప్పుడు నువ్వక్కడ లేవు" అంటే, మిమ్మల్ని మీరు అనుమానించుకునే ముందు ఆ పెద్దాయనను ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆయన అక్కడే ఉన్నారు.