ఫ్లెక్సీ వెనకవైపు

తెల్లవారుజామున వీచిన గాలికి స్నానాల గది మీద కప్పిన ఫ్లెక్సీ తిరగబడింది. పళ్లు తోముకుంటూ పెరట్లోకి వచ్చిన ఓబుళేశు తలెత్తి చూసేసరికి, రెండేళ్ల కిందటి కొడుకు మొహం ఆకాశం వైపు చూసి నవ్వుతోంది. నోట్లో నురుగు ఉమ్మేసి, గబగబా నిచ్చెన వేసుకుని ఎక్కాడు. బొమ్మ కిందికి పోయేలా తిప్పి నాలుగు మూలలా నాపరాయి ముక్కలు పెట్టాడు. బేతంచెర్లలో దేనికి కరువున్నా బండలకు లేదు.

ఆ ఫ్లెక్సీ సంగతి వీధిలో అందరికీ తెలుసు. రెండేళ్ల కిందట కొడుకు పరమేష్ ఢిల్లీలోని ఓ పెద్ద యూనివర్సిటీకి ప్రవేశ పరీక్ష రాసి వచ్చి, "బాగానే రాసినా నాయనా" అన్నాడు. పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీగా పదిమంది మీద పెత్తనం చేసే ఓబుళేశుకు ఆ ఒక్క మాట చాలింది. ఫలితాలు రాకముందే 'సీటు సాధించిన మా పరమేష్‌కు అభినందనలు' అని ఫ్లెక్సీ వేయించి స్టేషన్ దారిలో కట్టించాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట!" అని భార్య మహాదేవి నెత్తి కొట్టుకున్నా వినలేదు. వేలమంది రాస్తే ఏ కొందరికో దొరికే సీటు అది. పరమేష్‌కు దొరకలేదు. ఇప్పుడు వాడూ అదే ఫ్యాక్టరీలో బండలు పాలిష్ పడుతున్నాడు.

ఓబుళేశు నిచ్చెన దిగుతుండగా ఫోన్ మోగింది. కూతురు భువన చదివే కాలేజీ లెక్చరర్ రామలక్ష్మమ్మ.

"ఏమప్పా ఓబుళేశూ, ఆ ఢిల్లీ యూనివర్సిటీకి అప్లికేషన్ పెట్టేదానికి ఈ పొద్దే ఆఖరు. మీ పిల్ల ఇంకా పెట్టలేదంట. మా కాలేజీలో దానికి తగిన పిల్లంటే భువనే. మీరేమన్నా వద్దంటాండారా?"

ఓబుళేశుకు ఒళ్లు మండింది. నేరుగా వంటింట్లోకి వెళ్లాడు. భువన టిఫిన్‌కు ఉగ్గాని చేసేందుకు బొరుగులు తడుపుతోంది.

"ఏమ్మా, ఆఖరు రోజంట గదా. నాకొక మాటన్నా చెప్పల్యా?"

"నేను పెట్టను నాయనా. కర్నూల్లో డిగ్రీలో చేరతా."

"యాల? నీకేం తక్కువ?"

"తక్కువని కాదు. ఇష్టం లేదు."

"ఇష్టం లేదా? మీ అన్న పని నుంచి వచ్చి రోజూ నీ పక్కన కూర్చొని పాఠాలు చెప్పేది ఇందుకేనా? ఓబుళేశు కూతురు భయపడిందంటే నలుగురూ ఏమనుకుంటారు?"

భువన గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"అదో, మళ్లీ ఆ నలుగురే! పరీక్షంటే నాకు భయం లేదు నాయనా. సీటు రాకపోతే ఒక పొద్దు ఏడ్చి ఊరుకుంటా. కానీ అన్న మాదిరి, అందరూ చూస్తాంటే నిచ్చెనెక్కి నా మొగం నేనే దించుకొని రాలేను."

మహాదేవి చేతిలో గరిటె ఆగిపోయింది. అప్పుడే రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వచ్చిన పరమేష్ గడపలోనే నిలబడ్డాడు. తల నుంచి పాదాల దాకా తెల్లటి రాతిదుమ్ము.

"ఊరుకో భువనా," అన్నాడు. "ఆ పొద్దు నాయనకు జెరం. లేకుంటే తనే పోయి దించేటోడు."

కూతురి మాటకు ఎదురు చెప్పాలని నోరు తెరిచిన ఓబుళేశు, కొడుకు మాటకు సిగ్గుతో చచ్చిపోయాడు. ఫలితాలు వచ్చిన ఆ రోజు అతనికి జ్వరం లేదు. టీ అంగడి ముందు నవ్వే మొహాలను దాటి వెళ్లే ధైర్యం లేక దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. తాను కట్టించినదాన్ని దించుకు రమ్మని పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ణి మిట్టమధ్యాహ్నం పంపాడు. వాడు ఫ్లెక్సీని చుట్టి భుజాన వేసుకుని వస్తే, ముసుగులోంచే "నా పరువు తీసినావు గదరా" అన్నాడు కూడా. సిగ్గులేని మాట అది. ఈ రెండేళ్లలో అది గుర్తొచ్చినప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకుని లేచిపోయేవాడు. ఇప్పుడు అలా తప్పించుకోలేకపోయాడు.

"జెరం లేదురా," అన్నాడు చివరికి. "జనాల ముందర తల ఎత్తల్యాక పండుకున్యా. తప్పు చేసింది నేను, తలొంచుకునింది నువ్వు."

పరమేష్ చేతుల దుమ్ము దులుపుకున్నాడు.

"తెలుసు నాయనా. నువ్వు నిద్రపోయినాక నుదుటి మీద చెయ్యి పెట్టి చూసినా. సల్లగానే ఉండె."

తెలిసి కూడా వాడు ఒక్క మాట అనలేదు. పైగా ఇప్పుడు చెల్లెలి ముందు తనను కాపాడబోయాడు. ఓబుళేశు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కొడుకు వైపు చూడలేక నేల చూపులు చూశాడు.

మహాదేవి మొగుణ్ణి ఓదార్చలేదు. "నువ్వు ఏడ్చి లేచేవరకూ ఆఖరు తేదీ ఆగదు. పాపకు చెప్పాల్సింది చెప్పు," అంది.

"నీ ఇష్టమమ్మా," అన్నాడు ఓబుళేశు. "పెడితే మాత్రం నా నోటెంట ఊర్లో ఒక్కరికి చెప్పను. సీటొచ్చినా, రాకున్నా, చెప్పేది నువ్వే."

భువన అన్న వైపు చూసింది.

"పెట్టు పాపా. రాకపోతే ఎట్ల ఏడవాల్నో నేను నేర్పిస్తాలే," అన్నాడు పరమేష్. భువన ఏడుస్తూనే నవ్వేసింది.

ఇద్దరూ ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. అంతా నింపాక ఫోటో దగ్గర ఆగారు. వెనక తెల్లగా ఉండాలట. ఇంట్లో గోడలన్నీ నీలం రంగువి.

ఓబుళేశు ఏమీ అనకుండా లేచి, పెరట్లోకి వెళ్లి మళ్లీ నిచ్చెన ఎక్కాడు. పక్కింటి గిడ్డమ్మ ప్రహరీ మీదుగా తొంగిచూసింది.

"ఏమప్పా, ఇప్పుడే గదా కప్పినావు, మళ్లీ తీస్తాండావా? యాందది?"

ఇంతకుముందైతే మాట తప్పించేవాడు. "మా వాని ఫ్లెక్సీ గిడ్డక్కా. ఆ పొద్దు నేను తొందరపడి కట్టించింది," అన్నాడు.

మహాదేవి చెంబుతో నీళ్లు పోసి వెనకవైపు దుమ్ము కడిగింది. తెల్లగా తేలింది. ఓబుళేశు రెండు చేతులూ పైకెత్తి దాన్ని పట్టుకుని కూతురి వెనక నిలబడ్డాడు. తెల్లవైపు బిడ్డకు, బొమ్మవైపు తనకు. జానెడు దూరంలో పద్దెనిమిదేళ్ల పరమేష్ నవ్వుతున్నాడు. కింద అక్షరాలు ఇంకా చెరగలేదు. కొడుకు పేరు కంటే 'తండ్రి ఓబుళేశు' అన్నది పెద్దగా ఉంది. అలా వెయ్యమని ఆ రోజు దగ్గరుండి చెప్పింది తానే. కళ్లలో నీళ్లు పొంగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేవు.

"నాయనా, కదలొద్దు. వెనకంతా వణుకుతాండాది," అన్నాడు పరమేష్, ఫోన్ సరిచేసుకుంటూ.

"నువ్వు తియ్యిరా," అన్నాడు ఓబుళేశు ఫ్లెక్సీ వెనక నుంచి. "ఈసారి నేను పట్టుకొనే ఉంటా."