కోతపడిన గొంతు

విజయనగరంలో నాకు చిన్న రికార్డింగ్ గది ఉంది. పెళ్లి వీడియోలకూ చర్చి పాటలకూ ధ్వని శుభ్రం చేసిపెడతాను. ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. గదంతా గోడలకు కట్టిన గోనెలు తడిసిన వాసన. కళింగపట్నం నుంచి కూర్మమ్మ అనే ఆవిడ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి.

ఆమె భర్త దాలయ్య ఏడు నెలల కిందట వేటకెళ్లాడు. పడవ తిరిగి రాలేదు. మూడు రోజుల కిందట ఆయనొక్కడే నడుచుకుంటూ ఇంటికొచ్చాడట.

"గొంతు మా మావదే బాబూ. కానీ ఏటో తక్కువగున్నాది. మా దుర్గ నమ్మదు. నాయినొచ్చినాడని సంబరపడతన్నాది."

దుర్గ ఆమె కూతురు. పదో తరగతి.

ఆమె ఫోన్‌లో రెండు రికార్డింగులున్నాయి. ఒకటి దాలయ్య అప్పట్లో పడవ మీంచి పంపిన వాయిస్ మెసేజ్. రెండోది ముందురోజు ఇంట్లో ఆయనకు తెలియకుండా ఆమె రికార్డు చేసినది.

మొదటిది విన్నాను. కొంచెం బొంగురుగా ఉంది. "పంపేటప్పుడు ఫోన్ మాటను చిన్నది చేస్తుందమ్మా. చెవికి అక్కర్లేదనుకున్న సన్నటి ధ్వనులు తీసి పారేస్తుంది. పోయినవి మళ్లీ రావు."

"మనిషిని గుర్తుపట్టేటంత మిగిలితే సాలా?"

"చాలు."

ఆమె రెండోది పెట్టింది.

రెండోది ఎవరూ ఎవరికీ పంపింది కాదు. అందులో అన్నీ ఉండాలి. కూర్మమ్మ మాట్లాడినప్పుడు ఉన్నాయి కూడా. ఫ్యాను తిరగడం, గాజుల చప్పుడు, దూరంగా అలలు. దాలయ్య మాట్లాడగానే కంప్యూటర్ తెర మీద, సన్నటి ధ్వనులు కనిపించే పైభాగమంతా కత్తితో కోసినట్టు ఖాళీ అయింది. ఊపిరి లేదు. నోట్లో తడి లేదు. ఆయన మాట్లాడినంతసేపూ ఫ్యాను కూడా లేదు... అలలూ లేవు.

ఎక్కడినుంచో ఎన్నోసార్లు ఫోన్‌లో పంపగా మిగిలిన మనిషిలా ఉన్నాడు.

"ఎక్కడినుంచి వచ్చాడమ్మా?" గొంతు తగ్గించి అడిగాను.

"సెప్పడు. మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్తాడంట."

"ముందు పిల్లను బయటికి రమ్మనండి."

ఆమె ఫోన్ చేసింది. స్పీకర్‌లో దుర్గ.

"ఎప్పుడొస్తావమ్మా? నాయిన నీకోసం సూస్తన్నాడు."

"పక్కింటి అన్నమ్మ కాడికెళ్లు. ఇప్పుడే."

"ఎప్పుడొస్తావమ్మా? నాయిన నీకోసం సూస్తన్నాడు."

అదే మాట. అదే సాగదీత...

కూర్మమ్మ ఫోన్ నా ముందు పెట్టింది. "ఇది నా పిల్లేనా బాబూ?"

ఫోన్‌లో ఎవరి గొంతైనా కోతపడుతుంది. బతికున్నవాళ్లదైనా సరే. నేనెలా తేల్చను? కానీ ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"మీ పిల్లేనమ్మా," అన్నాను.

ఒంటరిగా వెళ్లొద్దని చెప్పాను. పోలీసులకు చెబుదామన్నాను. "పిల్ల అక్కడున్నాది కదా," అని ఆమె వానలోకి దిగిపోయింది. వెంట వెళ్లాల్సింది. వెళ్లలేదు.

మర్నాడు సాయంత్రం ఆమె నంబరుకు ఫోన్ చేశాను. వెంటనే ఎత్తారు. వెనక ఏ చప్పుడూ లేదు.

"సెప్పు బాబూ."

ఒకటే గొంతు. అది కూర్మమ్మదో, దుర్గదో, దాలయ్యదో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.