అరచేతి దెబ్బ

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినిపించేది అత్తగారి గొంతు, ఆ తర్వాతే కుళాయి చప్పుడు. ఆ రోజు మాత్రం ఆవిడ నోరు విప్పలేదు. కోడలు టీ కప్పులతో హాల్లోకి వచ్చేసరికి, ఆవిడ కిటికీ దగ్గర నిలబడి మామగారి చొక్కా గుండీలు పెడుతున్నారు. మామగారు బడికి బయల్దేరే పిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డారు.

"ఏంటత్తయ్యా, ఇవాళ మామయ్య ముస్తాబు మీ చేతుల మీదుగానా?" అంది కోడలు నవ్వుతూ.

"నీ పని నువ్వు చూసుకో," అన్నారు అత్తగారు. ఆ గొంతులో కసురు లేదు, కంగారుంది. కోడలు పట్టించుకోలేదు. పెద్దవాళ్ళ ముచ్చట్లు మనకెందుకులే అనుకుంది.

మామగారు కుర్చీలో కూర్చుని పంచదార సీసా అందుకున్నారు. మూత తిప్పబోయారు. అది కదల్లేదు. "ఎవరో రాక్షసుడు బిగించినట్టున్నాడు," అంటూ సీసాను భార్య వైపు తోశారు. అత్తగారు రెండు వేళ్ళతో అలా అన్నారో లేదో, మూత ఊడి వచ్చేసింది.

ఆ సీసాకు మూత పెట్టింది కోడలే. వదులుగానే పెట్టింది. ఒక్క క్షణం ఏదో అనుమానం తగిలి వెళ్ళిపోయింది. ఈలోగా భర్త డ్యూటీకి వెళ్తూ తాళాల కోసం ఇల్లంతా పీకి పందిరేయడంతో ఆ సంగతి మరిచిపోయింది.

ఇంటి ముందు గదే వర్క్‌షాపు. మామగారు తుపాకులు బాగుచేస్తారు. ఎగిరే మట్టి పళ్ళాలను గాల్లోనే పగలగొట్టే పోటీలకు వాడే ఖరీదైన షాట్‌గన్లు, చేత్తో చెక్కి చేసినవి, ఆయన దగ్గరికే వస్తాయి. కొడుకు తుపాకీ చూస్తేనే ఆమడ దూరం పారిపోయే రకం. కోడలు మాత్రం పెళ్ళయిన కొత్తలో సరదాగా బెంచీ దగ్గర కూర్చుని, అలాగే ఆ పనిలో పడిపోయింది. ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు బాగుచేసిన తుపాకీని రెండోవారు సరిచూడకుండా గడప దాటించకూడదు.

నిన్న ఒక్క తుపాకీ విషయంలోనే ఆ కట్టుబాటు తప్పింది. అది ఆడపడుచు తుపాకీ. ఇంట్లో అందరూ ఆమెను పిడుగు అంటారు. తెల్లవారకముందే తుపాకీ పెట్టెను చంటిబిడ్డలా హత్తుకుని పోటీకి వెళ్ళిపోయింది. ఇవాళ జట్టుకు ఎంపిక. నిన్న దానికి జరిగింది పోటీకి ముందు అందరూ చేయించుకునే మామూలు సర్వీసే, విప్పి తుడిచి నూనె వేయడమే. సరిచూస్తానని కోడలు చెయ్యి చాస్తే, "నా కూతురి తుపాకీకి నేను చాలు," అన్నారు మామగారు.

కోడలు బెంచీ మీద గుడ్డ దులపబోయి ఆగిపోయింది. గుడ్డ మడతలో చిటికెన వేలు గోరంత స్ప్రింగు ఉంది. నిన్న బెంచీ మీద ఉన్నది పిడుగు తుపాకీ ఒక్కటే. తుడిచి నూనె వేయడానికి ఈ స్ప్రింగుతో పనేమిటి? ఇది ఎక్కడిదో ఆమెకు బాగా తెలుసు.

ఆ తుపాకీకి ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలు, ట్రిగ్గర్ మాత్రం ఒకటే. మొదటి గొట్టం పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుకు లోపలున్న చిన్న బరువు జరిగి రెండో గొట్టాన్ని సిద్ధం చేస్తుంది. ఆ బరువును తొందరపడకుండా పట్టి ఉంచేదే ఈ స్ప్రింగు. వర్క్‌షాపులో నిజం తూటాలు పేల్చరు కనుక, డమ్మీ తూటాలు పెట్టి, ట్రిగ్గర్ నొక్కి, తుపాకీ మడమ మీద అరచేత్తో గట్టిగా చరుస్తారు. తుపాకీకి ఆ దెబ్బే తన్ను; మళ్ళీ నొక్కితే రెండో గొట్టం టక్కుమనాలి.

నిన్న సాయంత్రం వంటింట్లోకి ఆ దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ. కూతురిది కదా, పదిసార్లు చూసుకుంటున్నారు అనుకుంది కోడలు. ఇప్పుడు ఆ చప్పుడు చెవిలో తిరిగి వినిపించింది. అవి దెబ్బల్లా లేవు. తలుపు మీద మొహమాటంగా తట్టినట్టున్నాయి. పంచదార సీసా మూత గుర్తొచ్చింది. గుండీలు గుర్తొచ్చాయి.

"మామయ్యా!" అని పిలిచింది. "పిడుగు తుపాకీలో స్ప్రింగు ఎందుకు మార్చారు?"

మామగారు గుమ్మంలో నిలబడ్డారు. "రెండో గొట్టం అందుకోవడం లేదు. అందుకని మెత్తటిది వేశాను. ఏం?"

"మొన్నటిదాకా బాగానే పేల్చిందిగా. దానికేం లోపం లేదని తనే చెప్పింది."

"కాల్చేవాళ్ళకేం తెలుస్తుంది? నేను ఎన్నిసార్లు చరిచినా అందుకోలేదు. నువ్వు నిన్నగాక మొన్న స్క్రూడ్రైవర్ పట్టుకున్నావు. నాకు నేర్పుతావా?" ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పుడు అది కళ్ళలోకి కూడా వచ్చింది.

"నేర్పడం కాదు మామయ్యా..."

"ఆయనతో వాదించకమ్మా," అంటూ అత్తగారు వెనక నుంచి వచ్చారు. ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

కోడలు ఇనప బీరువా తీసి ఇంకో తుపాకీ బయటికి తెచ్చింది. కొత్తది. వెనక చెక్కను కాల్చేవాళ్ళ భుజానికి కుదిర్చి ఇమ్మని వచ్చింది తప్ప లోపల ఇంకా ఎవరూ విప్పలేదు. రెండు డమ్మీ తూటాలు పెట్టి, మూసి, మామగారికి అందించింది.

"దీన్ని ఒక్కసారి చరవండి."

ఆయన విసురుగా అందుకున్నారు. ట్రిగ్గర్ నొక్కారు, టక్కుమంది. అరచేత్తో మడమ మీద చరిచి మళ్ళీ నొక్కారు. చప్పుడు లేదు. పళ్ళు బిగబట్టి ఇంకోసారి చరిచారు. లేదు. మెడ మీద నరాలు ఉబ్బాయి. ఊహూ. ట్రిగ్గర్ వేలి కింద మెత్తగా ఉండిపోయింది.

కోడలు తుపాకీ తీసుకుంది. ఒక్క దెబ్బ. నొక్కింది. టక్కు.

"ఇది కూడా పాడైందా మామయ్యా?" అంది. అనేశాక నాలుక కోసుకుందామనిపించింది.

మామగారు తన కుడిచేతిని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నారు, ఎవరో వదిలేసి వెళ్ళిన వస్తువును చూసినట్టు. "వేళ్ళు మొద్దుబారాయనుకున్నా గానీ, దెబ్బ పోయిందనుకోలేదు," అన్నారు మెల్లగా. అంతలోనే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "పిల్లకి ఫోన్ చెయ్యి. పేల్చొద్దని చెప్పు!"

మెత్తటి స్ప్రింగు ఉన్న ఆ తుపాకీ నిజం తూటాతో పేలితే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు. మొదటి తన్నులోనే రెండో గొట్టం సిద్ధమైపోతుంది. వేలు ట్రిగ్గర్ మీద అదురుతూనే ఉంటుంది. ఏదో ఒకసారి రెండూ కలిసి పేలతాయి. ఆ తన్నంతా పిడుగు కుడి భుజం మీద పడుతుంది. పోయినేడు స్కూటర్ మీద నుంచి పడి విరగ్గొట్టుకున్న భుజం అది, లోపల ప్లేటు, మేకులు ఉన్నాయి. ఇంకో గట్టి దెబ్బ తగిలితే ఆ చెయ్యి పైకి లేవడం కష్టమని డాక్టరు అప్పుడే చెప్పాడు.

ఫోన్ స్విచ్చాఫ్. పోటీకి వచ్చినవాళ్ళ ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారు. మైదానం ఆఫీసు నంబరు మోగి మోగి ఆగిపోయింది.

"మీకు తెలుసా అత్తయ్యా?" కోడలు కారు తాళాలు వెతుకుతూ అడిగింది.

"ఎండలు ముదిరినప్పటి నుంచీ ఇంతే," అత్తగారు బావురుమన్నారు. "డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. చెప్తే తుపాకులు ముట్టనివ్వరట. ముట్టకపోతే తను లేనట్టేనట. నేనేం చెయ్యను చెప్పు? గుండీలు పెడుతూ కూర్చున్నాను. నా కూతురి మీదికొస్తుందని కల గన్నానా?"

కోడలికి కోపం రాలేదు. కోపానికి టైము లేదు. కారు బయటికి తీసింది. పక్క సీట్లో మామగారు ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని కూర్చున్నారు. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఆయన పెదాలు కదిలాయి. ఒక్కసారి మాత్రం, "ముందుకెళ్ళమ్మా, పచ్చది పడింది," అన్నారు. ఆ గొంతులో ఉన్న భయం కోడలు ఆయన దగ్గర ఎప్పుడూ వినలేదు. తను చూసిన మామగారు ఎవరికీ భయపడని మనిషి.

మైదానం గేటు దగ్గరికి వచ్చేసరికి పేలుళ్ళు వినిపిస్తున్నాయి. మామగారు కారు ఆగకముందే తలుపు తీశారు. చెవి రిక్కించి నిలబడ్డారు. తను విప్పి బిగించిన తుపాకుల గొంతులు ఆయనకు తెలుసు. "ఇది కాదు... ఇదీ కాదు..." అంటూ అడుగులు వేస్తున్నారు. అంతలో ఢాం, ఢాం అని విడివిడిగా రెండు. "ఇదే, పిడుగుదే. బతికింది తల్లీ, విడిగానే పేలింది," అని కోడలి భుజం పట్టుకున్నారు.

ఆయన మాట పూర్తవనే లేదు. ఈసారి ఒక్కటే పేలుడు. దానిలో రెండున్నాయి. నేల అదిరింది.

ఇద్దరూ పరుగెత్తారు. ప్రేక్షకుల తాడు దాకా వచ్చేసరికి పిడుగు మోకాలి మీద కూర్చుని ఉంది. తుపాకీ తెరిచి ఎడమచేతిలో పట్టుకుంది. కుడి భుజం కిందికి జారిపోయి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. రిఫరీ వంగి అడుగుతున్నాడు.

"తుపాకీలో లోపమా? లోపమైతే చెప్పమ్మా, పరీక్ష చేసి ఇంకో తుపాకీతో మళ్ళీ అవకాశం ఇస్తాం."

"లోపం లేదు సార్. నా వేలే తడబడింది."

కోడలికి అర్థమైంది. ఆ పిల్లకు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఆ బెంచీ కిందే ఆడుకున్న పిల్ల, తుపాకీకి ఏమైందో ఆ మాత్రం తెలుసుకోలేదా? లోపమని చెప్తే ఇక్కడే విప్పుతారు. ఎవరు బాగుచేశారని అడుగుతారు. ఇక్కడున్న వాళ్ళంతా తుపాకులు ఇచ్చేది ఆమె నాన్నకే. అందుకని తప్పు తన వేలి మీద వేసుకుంది. ఇప్పుడు లేచి నిలబడుతోంది. జేబులోంచి తూటాలు తీస్తోంది. ఒకసారి విరిగిన ఆ భుజానికే ఆ తుపాకీని మళ్ళీ ఆనించబోతోంది.

కోడలు అరవబోయింది.

"ఆపండి!"

మైదానం మొత్తం వినేలా అరిచింది మామగారు. అక్కడ ఆ మాట ఎవరన్నా, ఎందుకన్నా, అందరూ ఆగాల్సిందే. పేలకుండా తుపాకులన్నీ తెరుచుకున్నాయి. ఆయన తాడు దాటి నడిచారు.

"ఎవరండీ మీరు?" అన్నాడు రిఫరీ.

"ఆ తుపాకీ బాగుచేసింది నేను. పాడుచేసిందీ నేనే."

"నాన్నా, ఊరుకో. నా వేలే తడబడిందన్నానుగా!" పిడుగు కళ్ళతోనే బతిమాలింది.

"నీ వేలు నాకు తెలియదా తల్లీ? దానికి ట్రిగ్గర్ నొక్కడం నేర్పింది నేనే కదా. తప్పు నీ వేలిది కాదు, నా చేతిది." ఆయన కుడిచెయ్యి అందరికీ కనిపించేలా ఎత్తి పిడికిలి బిగించబోయారు. వేళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. "ఇంతే. ఇంతకన్నా మూతపడదు. దాచాను. మిగతా తుపాకులన్నీ నా కోడలు సరిచూసి పంపింది, వాటికేం భయం లేదు. ఇదొక్కటే, నా సొంత కూతురిది, చూడనివ్వలేదు."

పిడుగు తుపాకీని వెనకే వచ్చిన వదినకు అందించి తండ్రి గుండె మీద తల పెట్టేసింది. "భయమేసింది నాన్నా," అంది చిన్నపిల్లలా. "చాలా భయమేసింది."

"నాకూ వేసిందమ్మా," అన్నారాయన. ఆ మాట ఆయన నోట ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ వినలేదు.

ఆ రోజు ఎంపిక పోయింది. భుజం కమిలి ఉబ్బింది గానీ ఎముక, ప్లేటు నిలబడ్డాయి. అదే ఆసుపత్రిలో తండ్రినీ చూపించారు. మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందట. వైద్యం చేస్తారు, చెయ్యి ఎంతవరకు తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. అత్తగారు డాక్టరుకు ఊరికే దణ్ణాలు పెడుతూనే ఉన్నారు, ఇక ఒట్టు మొయ్యక్కర్లేదన్నదే ఆవిడకు పెద్ద ఊరట.

వారం గడిచాక పిడుగు తుపాకీ మళ్ళీ బెంచీ ఎక్కింది. పిడుగు మెడకు వేలాడే పట్టీలో కుడిచెయ్యి పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. కోడలు మెత్తటి స్ప్రింగు తీసేసి పాతది బిగించింది. డమ్మీ తూటాలు పెట్టి, అలవాటుగా మామగారి వైపు చాచింది.

ఆయన అందుకోలేదు. కుర్చీ పక్కకు జరుపుకుని, ఇన్నేళ్ళుగా తను కూర్చున్న చోటు ఆమెకు ఖాళీ చేశారు.

"నువ్వు చరువమ్మాయ్. నేను వింటాను."

ఆమె చరిచింది. టక్కు.

"ఇంకోసారి. గట్టిగా. అది నా కూతురి తుపాకీ."

ఆమె మళ్ళీ చరిచింది. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, తల ఊపారు. తర్వాత కుడి ముంజేతిని కూతురి ముందుకు చాపారు. చొక్కా చేతి గుండీ ఊడి వేలాడుతోంది.

"ఇది పెట్టమ్మా. ఎడమచేత్తో నాకు పట్టు దొరకడం లేదు," అన్నారు, అందరి ముందూ, మామూలుగా.

పిడుగుకు ఆడేది ఎడమచెయ్యి ఒక్కటే. ఒంటిచేత్తో గుండీ జారిపోయింది. "నువ్వు అటు పట్టుకో నాన్నా," అంది. ఆయన తన ఎడమచేత్తో గుడ్డ అంచు పట్టుకున్నారు, ఆమె తన ఎడమచేత్తో గుండీ తోసింది. రెండు మూడుసార్లు తప్పి, చివరికి దూరింది. గుమ్మంలో టీ పళ్ళెంతో నిలబడ్డ అత్తగారు సాయం చేయబోయి ఆగిపోయారు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, టీ చల్లారిపోతోందని అందరినీ కేకలేశారు.