రేవులపాడులో ఎదగని పిల్లలు

గండశిల రాజ్యాన్ని ధర్మకేతు మహారాజు పాలిస్తున్న రోజుల్లో ఆ దేశాన్ని పట్టి పీడించిన కష్టం ఒక్కటే. అది శత్రువుల వల్ల వచ్చింది కాదు, కరువు వల్ల వచ్చిందీ కాదు. నల్లేటి ఒడ్డున రేవులపాడు అనే పల్లెలో పంతొమ్మిది మంది పిల్లలు మూడేళ్ళుగా ఎదగడం మానేశారు.

మానేశారంటే మొండికేసి మానేశారనుకునేరు, అది కాదు. వేళకు తింటున్నారు, ఆడుకుంటున్నారు, తల్లుల చేత తిట్లూ తింటున్నారు. అయినా తల వెంట్రుక పెరగదు, గోరు పెరగదు, అంగుళం పొడుగు పెరగదు.

ఇదంతా వరదతో మొదలైంది. ఒక శ్రావణ బహుళ పంచమి నాడు, పొద్దున బడి నడుస్తుండగా నల్లేరు పొంగింది. పేరయ్య అయ్యవారు పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తుకుని బడి వెనక మెట్ట మీదికి చేర్చాడు. పంతొమ్మిదో పిల్లను దించాక ఇరవయ్యో పిల్ల కోసం మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. ఆ ఇరవయ్యో పిల్ల పేరు పొగడ. ఆ రోజు ఆమె బడికే రాలేదు, మేనత్త ఊళ్ళో ఉంది. ఆ హడావుడిలో అయ్యవారికి ఆ సంగతి గుర్తు రాలేదు. ఆయన తిరిగి రాలేదు.

పొగడకు ఒక కవల అక్క ఉంది. పేరు పొన్న. చెల్లెలికన్నా గడియ ముందు పుట్టింది కాబట్టి పొగడ చేత అక్కా అని పిలిపించుకునేది. వరదప్పుడు ఇద్దరికీ తొమ్మిదేళ్ళు. ఇప్పుడు పొగడకు పన్నెండు, పొన్నకు మాత్రం తొమ్మిదే. చెల్లెలి భుజం దాకా కూడా రాని అక్కను చూసి కొత్తవాళ్ళు నవ్వేవారు. పొగడకు నవ్వు వచ్చేది కాదు.

రాజుగారు మంచివాడు. ఆ ఊళ్ళో బడి మళ్ళీ నిలబెట్టడానికి జీతం కోరకుండా ఎవరు వెళతారని దండోరా వేయించాడు. చదువుకున్న యువతీయువకులు చాలామంది ముందుకొచ్చారు. నెలకో దళం చొప్పున పలకలు, బలపాలు, అటుకులు, బెల్లం పడవల్లో వేసుకుని వెళ్ళేవారు. వాళ్ళ మనసుల్లో ఏ కల్మషమూ లేదు, ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దిగగానే పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని, వరద రోజు ఏం జరిగిందో చెప్పమనేవారు. పిల్లలు చెప్పేవారు. వచ్చినవాళ్ళు తాటాకుల మీద రాసుకుని కన్నీళ్ళు పెట్టుకునేవారు. తర్వాత ఓనమాల నుంచి పాఠం మొదలుపెట్టేవారు. నెల తిరగగానే ఇంకో దళం వచ్చి మళ్ళీ వరద సంగతి అడిగి, మళ్ళీ ఓనమాలే దిద్దించేది.

ఇలా ముప్పై అయిదు దళాలు వచ్చి వెళ్ళాయి. ఎక్కడ ఆగితే విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారో పొన్నకు బాగా తెలిసిపోయింది. సరిగ్గా అక్కడ ఆగేది.

మూడేళ్ళు నిండటానికి పన్నెండు రోజులుందనగా ఆస్థాన జ్యోతిష్కుడు గవ్వలు వేసి, ఆ పంచమి దాటేలోపు శాపం వీడకపోతే ఆ పిల్లలు బతికినంత కాలం అలాగే ఉంటారని తేల్చి చెప్పాడు. సరిగ్గా అప్పుడే ముప్పై ఆరో దళంతో హేమాంగి అనే యువతి రేవులపాడు వచ్చింది. ఆమె కూడా అందరిలాగే పిల్లల్ని కూచోబెట్టుకుని, అందరిలాగే అడిగింది. పొన్న చెప్పడం మొదలుపెట్టింది.

ఆ సమయానికి పొగడ రేవులో బిందె ముంచుతోంది. వాన లేదు, గాలి లేదు, అయినా నీళ్ళు ఒక మెట్టు పైకొచ్చాయి. బడి అరుగు మీద నుంచి వినబడుతున్న పొన్న కథ ముగియగానే ఆగిపోయాయి. పొగడ బిందె అక్కడే వదిలేసి పరుగెత్తింది.

"పంతులమ్మగారూ, మా అక్క చెప్పినంతసేపూ ఏరు పెరిగింది. ఆ కథను ఏదో తింటోంది."

హేమాంగి నవ్వేస్తుందని పొగడ అనుకుంది. ఆమె నవ్వకుండా పిల్లల్ని ఇంకోసారి చెప్పమని, తనే రేవుకు వెళ్ళి చూసింది. ఇంకో మెట్టు మునిగింది. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ మూట కట్టుకుని, కథను తింటున్నదేదో వెతుక్కుంటూ ఏటి ఎగువకు బయలుదేరారు.

మూడు రోజులు పరికికంప అడవిలో నడిచాక చుట్టూ పుట్ట పెరిగిన ఒక ముని కనిపించాడు. దండం పెడితే విసుక్కున్నాడు.

"మనుషులు ఊరికే రారు. ఏం కావాలో చెప్పి పొండి."

"ఏరు పెరగడానికి కారణం కావాలి స్వామీ," అంది పొగడ.

"ఏనుగుమడుగులో బురదాసురుడున్నాడు. వరద రోజు పీత అంత ఉన్నాడు. ఇప్పుడు కొండంత అయ్యాడు. తన వల్ల జరిగిన నష్టాన్ని ఎవరైనా చెబితే, అదే వాడికి తిండి. పెట్టకండి, చాలు."

"వాణ్ణి చంపితే పిల్లలు ఎదుగుతారా స్వామీ?"

"ఆ ముక్క నాకు తెలియదు. తెలియనిది చెప్పను," అని ముని కళ్ళు మూసుకున్నాడు.

అడవి దాటాక లోయ వచ్చింది. దాని మీద ఒక్కటే చెట్టు మాను వంతెనలా పడి ఉంది. ఆ మాను మీద రెండు తలల గండభేరుండం కూర్చుని ఉంది.

"ఏడిపించే కథ చెబితే దారిస్తాను," అంది కుడి తల.

"లేదంటే పొడిచి లోయలో పడేస్తాను," అంది ఎడమ తల.

ఏడిపించే కథ హేమాంగి మూటలోనే ఉంది. పొన్న చెప్పిందంతా తాటాకుల మీద అచ్చంగా రాసుకుంది. కట్ట విప్పి చదవబోయింది. నాలుగు మాటలు చదివిందో లేదో, లోయ అడుగున నీళ్ళు గలగలమన్నాయి.

"చదవకండి, మీకు పుణ్యముంటుంది," అని పొగడ ఆమె చేయి పట్టుకుంది. తర్వాత పక్షిని ఎగాదిగా చూసింది. మెడలు రెండూ కలిసే చోట చర్మం ఎర్రగా వాచి ఉంది. నిండా పిడుదులు. ముక్కులు రెండున్నా ఆ చోటు దేనికీ అందదు.

"కథ సంగతి తర్వాత. వంగు, అవి తీసేస్తా," అంది.

రెండు తలలూ ఒకదాని మొహం ఒకటి చూసుకుని వంగాయి. పొగడ పొద్దు వాలేదాకా పిడుదులు ఏరింది. హేమాంగి తాటాకుల కట్ట పక్కన పెట్టి ఆకులు నూరి పసరు పూసింది. చివరికి కుడి తల నిద్రపోయింది. ఎడమ తల మొహమాటపడుతూ, "ఎక్కండి, మడుగు దాకా దింపుతాను," అంది. ఎగురుతూ ఉండగా హేమాంగి ఆ కట్టను లోయలోకి జారవిడిచింది. తన రాత అంటే ఆమెకు చాలా ఇష్టం, కాబట్టి బాధపడింది కూడా.

ఏనుగుమడుగు నడుమ ఒక బండ ఉంది. దాని చుట్టూ ఉన్నదంతా బురదాసురుడే. వాళ్ళు బండ మీద దిగగానే బురద లేచి రెండు కళ్ళు తెరిచింది. రాక్షసుడంటే గర్జిస్తాడని పొగడ గట్టిగా చెవులు మూసుకుంది. వాడు గర్జించలేదు. ఎంతో మెత్తగా మాట్లాడాడు.

"రా తల్లీ. అలిసిపోయావు పాపం. ఏం జరిగిందో చెప్పుకో, మనసు తేలికపడుతుంది."

హేమాంగి ఉలిక్కిపడింది. సరిగ్గా ఇవే మాటలు, ఇదే గొంతుతో, తను పొన్నతో అన్నది. ఆమె మొహం కందిపోయింది.

"చెప్పడానికేం లేదు. పిల్లల శాపం ఎలా పోతుందో నువ్వే చెప్పు," అంది పొగడ.

"ఏం లేకపోవడమేంటి? మీ అయ్యవారు చివరిసారి ఎవరి కోసం నీళ్ళలోకి దిగాడో నాకు తెలియదనుకున్నావా? ఆ సంగతి నువ్వు ఎవరికీ చెప్పుకోలేదు. నాకు చెప్పు."

నిజమే, పొగడ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ రోజు మేనత్త ఊళ్ళో తను గారెలు తింటూ కూర్చుందని, ఆయన తన పేరే పిలుస్తూ నీళ్ళలో వెతికాడని మూడేళ్ళుగా ఆ పిల్ల గుండెల్లో పెట్టుకుని తిరుగుతోంది. ఒక్కసారి చెప్పేసి ఏడవాలని ప్రాణం కొట్టుకుంది. నోరు తెరిచింది కూడా. హేమాంగి ఆమెను దగ్గరకు లాక్కుని, "వీడికి కాదమ్మా. ఇంటికెళ్ళాక మీ అమ్మకు చెప్పుకుందువు గానీ," అంది. పొగడ నోరు మూసుకుని ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. మాటలు లేని ఏడుపు రాక్షసుడికి పనికిరాదు.

మూడు రోజులు వాళ్ళు బండ మీదే కూర్చున్నారు. మిగిలిన అటుకులు తిన్నారు. రాక్షసుడు జాలిపడ్డాడు, బతిమాలాడు, బెదిరించాడు. తిండి లేక మొదటి రోజుకు ఏనుగంత, రెండో రోజుకు గొర్రె అంత, మూడో రోజు పొద్దెక్కేసరికి పిల్లి అంత అయ్యాడు. బండ చుట్టూ మట్టి ఆరిపోయి దారి పడింది.

"ఇప్పుడైనా చెబుతావా?" అంది పొగడ.

"నా దగ్గర మందూ మాకూ ఏం లేవు," అన్నాడు వాడు నీరసంగా. "నేను వచ్చిన గడియకు వాళ్ళు ఏదో చదువుతున్నారు. అది సగంలో ఆగింది. పాఠం అక్కడ ఆగింది కాబట్టి వాళ్ళూ అక్కడే ఆగారు. మిగతా సగం ఎవరైనా చెప్పి ఉంటే మర్నాడే ఎదిగేవాళ్ళు. ఎవరూ అడగలేదు, అంతే."

"ఆ పాఠం ఏంటి?"

"నాకు చదువొస్తే కదా. వెళ్ళి వాళ్ళనే అడుగు."

"మా అయ్యవారు?"

"ఆయన్ని అడక్కు. పోయినవాళ్ళను నేను దాచిపెట్టుకోను," అని వాడు పీత అంతై మట్టిలోకి జారుకున్నాడు.

ఇద్దరూ తిరుగు దారి పట్టారు. పక్షి లోయ దాటించింది, అడవిలో నడిచి పంచమి పొద్దున్నే ఊరు చేరారు. పిల్లలు అరుగు మీద వరసగా కూర్చున్నారు. హేమాంగిని చూడగానే పొన్న అలవాటు కొద్దీ గొంతు సవరించుకుని, "ఆ రోజు పొద్దున మబ్బు పట్టి ఉంది..." అని మొదలుపెట్టింది.

"అది వద్దక్కా," అంది పొగడ. "నీళ్ళు రాకముందు అయ్యవారు ఏం చెబుతున్నారు?"

పొన్న ఆగిపోయింది. ఇంతకాలంలో ఈ మాట అడిగినవాళ్ళు లేరు. పొగడ కూడా అడగలేదు, భయపడ్డావా, దెబ్బ తగిలిందా అనే అడిగింది. పంతొమ్మిది మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిట్టచివర కూర్చున్న పిల్లవాడు నెమ్మదిగా, "పదమూడో ఎక్కం," అన్నాడు.

"ఎందాకా వచ్చింది?" అంది హేమాంగి.

"పదమూడు ఆరులు డెబ్బై ఎనిమిది," అంది పొన్న. "అప్పుడు చప్పుడు వినబడింది."

హేమాంగి వాళ్ళ ఎదురుగా నేల మీద కూర్చుంది. ఓనమాలు ఎత్తలేదు, పదమూడు ఒకట్లు కూడా ఎత్తలేదు.

"పదమూడు ఏడులు," అంది.

"తొంభై ఒకటి," అన్నాడు ఎవరో. తర్వాత నలుగురు, తర్వాత అందరూ. పదమూడు పదులు నూట ముప్పై దగ్గరికి వచ్చేసరికి పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా పని ఆపి విన్నారు.

మెరుపులేం మెరవలేదు. పొన్న బుగ్గ పట్టుకుని నోట్లోంచి ఒక పాలపన్ను తీసింది. మూడేళ్ళుగా ఊగుతూ ఊడని పన్ను అది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి భోరుమంది.

"నాకు మూడేళ్ళు పోయాయే పొగడా."

"పోయాయక్కా," అంది పొగడ. అబద్ధం చెప్పి ఊరడించలేకపోయింది. అక్కను పట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రం అమ్మ దగ్గర మేనత్త ఊరి సంగతి కూడా చెప్పుకుంది.

దసరా నాటికి రేవులపాడులో ఒక్క పిల్లకూ పరికిణీ సరిపోలేదు. ఇన్నాళ్ళూ ఎదగడం లేదని ఏడ్చిన తల్లులే, బట్టలు నిలవడం లేదని సంతోషంగా విసుక్కున్నారు. రాజుగారు స్వయంగా వచ్చి హేమాంగికి శాలువా కప్పబోతే, అది చలికాలంలో ఇప్పించమని, ఈ పంతొమ్మిది మంది చదువు పూర్తయ్యేదాకా తనను ఇక్కడే ఉండనివ్వమని కోరింది. అప్పటి నుంచి ఏరు పొంగిన ఏ ఊరికి ఏ దళం వెళ్ళినా, ముందు పాఠం ఎక్కడ ఆగిందో అడిగి అక్కడి నుంచే చెప్పాలని ఆయన శాసనం చేశాడు. నల్లేరు ఆ తర్వాత కూడా పొంగింది. ఏరన్నాక పొంగుతుంది. నీళ్ళు తీయగానే బడి మాత్రం ఆగిన చోటి నుంచే నడిచింది.

పదమూడో ఎక్కం పూర్తయిన మర్నాడు పద్నాలుగోది మొదలైంది. బడి ఓనమాలు దాటక పొగడకూ చదువు సాగలేదు కాబట్టి ఆమె కూడా వచ్చి వరసలో పొన్న పక్కనే కూర్చుంది. కూర్చున్నా ఒక తల పొడుగు కనిపించింది. పద్నాలుగు ఎనిమిదులు ఎంతని హేమాంగి అడిగితే, పొగడ ధైర్యంగా నూట ఎనిమిది అంది.

"నూట పన్నెండే," అని పొన్న మోచేత్తో పొడిచింది. "అక్కను పక్కన పెట్టుకుని తప్పు చెబుతావేం?"