ఎడమపక్కకి జరిగిన గాయని

డెల్సియోవి పాముచెవులు. ఆ మాట వేరెవరూ అనలేదు, తన బ్లాగు నెత్తిన తనే రాసుకున్నాడు. నాలుగు వేలమంది చదువుతున్నారు కాబట్టి నిజమే అయివుంటుందని తనూ నమ్మేశాడు.

ఆ చెవులకి తగ్గట్టు ఓ పెద్ద హెడ్‌ఫోన్ కొన్నాడు. తీరా ఫోనుకి తగిలిస్తే, పక్కింట్లో ఎవరో దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. అలాంటి మొండి హెడ్‌ఫోన్‌ని నడపడానికి ఫోను బలం చాలదు, ఆంప్లిఫైయర్ కావాలి. అదీ దానికి తగిందే కావాలి. అందుకని ఓ శనివారం బ్రెజిల్‌లోని సావ్ పావులో నగరంలో సన్నజల్లులో తడుస్తూ, శాంటా ఇఫిజేనియా వీధిలో నొనాతో గారి కొట్టు మెట్లెక్కాడు.

నొనాతో గారు మూల కూర్చుని పాత రేడియో ఒకటి విప్పుకుంటున్నారు. కౌంటర్ వెనక ఆయన కూతురు జురేమా, ముక్కు చివర కళ్ళద్దాలు, చేతిలో సోల్డరింగ్ ఐరన్. ఆమె తలెత్తి ఒక్క చూపు చూసేసరికి తనేం కొనడానికి వచ్చాడో డెల్సియోకి గుర్తు రాలేదు. సంచీ విప్పితే అదే గుర్తొస్తుందిలే అని విప్పాడు.

అందులోని హెడ్‌ఫోన్ చూసి, తన సొంత చేతుల్తో చేసిన మొట్టమొదటి ఆంప్లిఫైయర్‌ని ఆమె తెచ్చి ముందు పెట్టింది. ఆరు నెలల కష్టమట. మనవాడు కళ్ళు మూసుకుని, గడ్డం నిమురుకుంటూ ఓ పాట విన్నాడు. బాగుందండీ అనేసి డబ్బులిచ్చి పోతే ఏ గొడవా లేదు. మరి పాముచెవుల పరువేం కాను?

"బాగుంది గానీ, గాయని గొంతు రెండు చెవులకీ మధ్యలో లేదండీ. ఎడమపక్కకి జరిగి నిలబడింది," అన్నాడు.

జురేమా ముఖం పాలిపోయింది. మీటరు పెట్టి చూసింది. రెండు వైపులా సమానంగానే ఉంది. మీటరు కన్నా చెవి గొప్పదని డెల్సియో చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. అంతటితో ఊరుకోక సాయంత్రం బ్లాగులో కూడా రాసిపారేశాడు.

మరుసటి శనివారం మళ్ళీ వెళ్ళాడు. ఆంప్లిఫైయర్ ఎంపిక ఇంకా పూర్తి కాలేదని తనకి తను చెప్పుకున్నాడు. వెళ్ళేసరికి ఆ రాత ప్రింటు తీసి గోడకి అంటించి ఉంది.

"ఇది రాసిన మహానుభావుడు మీరేనా?" అంది జురేమా.

తనేనన్నాడు. అబద్ధమాడే తెలివి సమయానికి రాలేదు. ఇద్దరు ఆర్డర్లు రద్దు చేసుకున్నారనీ, తప్పెక్కడుందోనని పెట్టెని మూడుసార్లు విప్పి బిగించాననీ ఆమె మెల్లగా చెప్పింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. పైగా ఆమె అతని చెవుల్ని నమ్మింది. కొట్టులో ఉన్నవన్నీ వినమంది. గాయని మధ్యలో నిలబడే పెట్టె ఏదో చెబితే, దాన్ని చూసి తనది దిద్దుకుంటానంది.

అలా ఐదు శనివారాలు గడిచాయి. ఒకదానికి బలం చాలక గొంతు పీలగా పలికింది. ఇంకోదానికి బలం మరీ ఎక్కువై పాట వెనక సుయ్యిమని రొద. మూడోది అన్ని విధాలా కుదిరింది. గాయనమ్మ మాత్రం అన్నిట్లోనూ ఎడమపక్కే. జురేమా ఓపిగ్గా ఒక్కోటీ కాగితం మీద రాసుకునేది.

మధ్యాహ్నాలు ఇద్దరూ వీధి చివర చెరుకురసం బండి దగ్గర కూర నింపి వేయించిన వేడివేడి పాస్తెల్ తినేవారు. ఆమె ఎక్కడ కూర్చున్నా డెల్సియో లేచి, చుట్టూ తిరిగొచ్చి, ఆమె తన ఎడమవైపు ఉండేలా కూర్చునేవాడు. ఓసారి వాన తన మీదకే కొడుతున్నా అలాగే కూర్చుని సగం తడిసిపోయాడు. ఎందుకలా అని ఆమె అడిగితే, గుండె ఎడమపక్కే కదా ఉండేది అన్నాడు. ఆమె సిగ్గుపడి గ్లాసులోకి చూసింది. అసలు కారణం అతనికి తెలుసా అంటే తెలుసు, తెలీదా అంటే తెలీదు.

ఆరో శనివారం జురేమా కొత్త ఆలోచనతో ఎదురుచూస్తోంది.

"హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకో. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. తప్పు నా పెట్టెదైతే ఆవిడ ఇప్పుడు కుడికి రావాలి."

తిప్పి పెట్టుకున్నాడు. గాయని అంగుళం కూడా కదల్లేదు. ఎడమపక్కే హాయిగా పాడుకుంటోంది.

"ఎక్కడుంది?" అంది జురేమా.

కుడికొచ్చిందనేస్తే చాలు, పరువు దక్కుతుంది. ఈ పిల్ల మాత్రం లేని తప్పు కోసం తన పెట్టెని జన్మంతా విప్పుతూ కూర్చుంటుంది. డెల్సియో హెడ్‌ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఎడమకే," అన్నాడు. "తప్పు నా కుడి చెవిది. పద్నాలుగో ఏట నుంచి కార్నివాల్ దళంలో పెద్ద డోలు కొట్టాను. చెవులు చిల్లులుపడేలా మోగే చిన్న డప్పులన్నీ నా కుడిపక్కే. ఎనిమిదేళ్ళు."

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. మనవాడు మద్దెల హాయిగా వాయించుకుని, ఊళ్ళో ఆంప్లిఫైయర్లన్నీ ఓడన్నాడు.

"మరి గుండె ఎడమపక్క ఉంటుందన్నావు?"

"అదీ నిజమే."

ఆమె నవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

డెల్సియో వానలో ఇంటికెళ్ళి, తడి బట్టలు కూడా మార్చుకోకుండా బ్లాగులో రాశాడు. ఇన్నాళ్ళూ తను వంక పెట్టిన పదకొండు ఆంప్లిఫైయర్లలోనూ గాయని మధ్యలోనే ఉందనీ, వంకర తన చెవిదనీ, జురేమా చేసిన పెట్టెలో ఏ లోపమూ లేదనీ రాశాడు. చదివేవాళ్ళు ఊరుకుంటారా? పాముకి అసలు చెవులే ఉండవు కదా అని ఒకడు రాశాడు. అవునండీ, ఆ సంగతి తెలియకే పెట్టుకున్నాను అని జవాబిచ్చాడు. సగం మంది చదవడం మానేశారు. దానికంత బాధ కలగలేదు. శనివారం వచ్చి, వెళ్ళడానికి చోటు లేకపోవడమే బాధగా ఉంది.

రెండు శనివారాలు పోయాక నొనాతో గారు ఫోన్ చేశారు. మా అమ్మాయి నీకోసం ఏదో చేసింది, హెడ్‌ఫోన్ తీసుకుని రా బాబూ అని పెట్టేశారు.

కౌంటర్ మీద కొత్త పెట్టె. శబ్దం పెంచే నాబ్ ఒకటి ఉండాల్సినచోట, చెవికొకటిగా రెండున్నాయి.

"ఇన్నాళ్ళూ హెడ్‌ఫోన్‌కి సరిపోయేదే వెతికాం," అంది జురేమా. "నీ చెవులకి సరిపోయేది వెతకలేదు."

హెడ్‌ఫోన్ అతని తలకి తనే తగిలించి, కుడివైపు నాబ్‌ని మెల్లమెల్లగా తిప్పింది. గాయని కదిలింది. ఇంకా కదిలింది. సరిగ్గా నుదుటి మధ్యకొచ్చి ఆగింది. డెల్సియోకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు.

"రెండో శనివారం నుంచీ నేను ఆంప్లిఫైయర్ కోసం రాలేదు జురేమా. నీకోసమే వచ్చాను. నువ్వంటే నాకు ప్రాణం. ఇది చెవులతో పనిలేని సంగతి, నమ్మొచ్చు."

జురేమా కౌంటర్ దాటి వచ్చింది. ఎర్రబడ్డ మొహంతో పక్కన నిలబడి, వంగి, అతని చెవిలో ఏదో చెప్పింది. కుడి చెవిలో. డెల్సియోకి వెచ్చని గాలి తగిలింది గానీ మాట తగల్లేదు. ఇంత ముఖ్యమైన మాటని మళ్ళీ చెప్పమని అడగడమెలాగో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

నొనాతో గారు రేడియో మీంచి తలెత్తకుండానే అన్నారు.

"అటు కాదమ్మా. ఎడమపక్కకెళ్ళి చెప్పు."

జురేమా చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ చెప్పింది.