వేలంలో కొన్న గడియారం

"దొంగసొమ్ము కొని ఇంట్లో తగిలించుకుంటావా? పద స్టేషనుకి!"

గుమ్మంలో నిలబడి కాంట్రాక్టరు అరుస్తున్నాడు. వెనక లేడీ ఇన్‌స్పెక్టర్, ఒక కానిస్టేబుల్. ఉదయం ఎనిమిదింపావు.

డ్రాయింగు మాస్టారు లోపలి గది తలుపు దగ్గరగా వేశారు. పోయిన నెల ఆన్‌లైన్ వేలంలో పాత గోడగడియారం కొన్నారు. అది కాంట్రాక్టరు ఇంట్లో చోరీ అయిందట. అమ్మినవాడి అకౌంటు మాయం. దొరికింది కొన్నవాడే.

"నన్ను తీసుకుపోతే ఆవిణ్ణి ఎవరు చూస్తారు మేడమ్?"

లోపలి గదిలో మంచం మీద భార్య. పక్షవాతం. గడియారం గంట కొట్టినప్పుడే ఆమె కళ్లలో కదలిక. ఇంట్లో ఉన్నది పాడైపోతే అందుకే ఇది కొన్నారు.

"రసీదు అడిగారా?" అంది ఇన్‌స్పెక్టర్.

"లేదు. ఫొటోలు చూసి మురిసిపోయాను."

ఆమె కాంట్రాక్టరు వైపు తిరిగింది. "మీదేనని గుర్తేమిటి?"

"అద్దానికి కింద ఎడమ మూల పగులుంటుంది. మా తాతగారి కాలంనాటిది!"

లోపలికెళ్లి చూశారు. పగులుంది, సరిగ్గా అక్కడే.

కానిస్టేబుల్ మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క పూట ఆగండి బాబూ! మందు మింగించాలన్నా నేనే."

"ఆగు," అంది ఇన్‌స్పెక్టర్. "మాస్టారూ, వేలం ఫొటో ఉందా?"

మాస్టారు ఫోను తీసి ఇచ్చారు. ఫొటో పెద్దది చేసి చూసింది.

"ఇందులో అద్దం నిక్షేపంగా ఉందే?"

"దారిలో పగిలింది మేడమ్. పార్సిల్ విప్పగానే ఫొటో తీసి అమ్మినవాడికి పంపాను. జవాబు లేదు."

"ఇంకెవరికైనా చెప్పారా? ఎవరైనా చూశారా?"

"మా ఇంటికొచ్చేదెవరు? బావమరిది ఎగతాళి చేస్తాడని వాడికీ చెప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ ఫోను కాంట్రాక్టరు ముందు పెట్టింది.

"మీ తాతగారి పగులు పోయిన నెల పార్సిల్లో పుట్టింది సార్. ఈ ఇంటి బయట దాని సంగతి తెలిసినవాడు ఒక్కడే. అమ్మినవాడు. ఈ అడ్రసు కూడా మాకు మీరే తెచ్చిచ్చారు."

"నేను... ఏదో గుర్తుండి..."

"వేలంలో అమ్మడం, డబ్బు జేబులో వేసుకోవడం, చోరీ అని కేసు పెట్టి సరుకు మా చేతే వెనక్కి తెప్పించుకోవడం. ఇలా ఎంతమందిని ముంచారు?"

కాంట్రాక్టరు చేతులకి బేడీలు పడ్డాయి.

మాస్టారు చెప్పులు వేసుకోబోయారు.

"మీరు రానక్కర్లేదు. గడియారం మాత్రం రావాలి," అంది ఆమె మెల్లగా. "సాక్ష్యం. కేసు తేలేదాకా."

"ఎన్నాళ్లు మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌కి సైగ చేసింది.

కానిస్టేబుల్ గడియారం దించుతున్నాడు. బోసిగోడ భార్యకు కనబడకుండా మాస్టారు మంచానికి అడ్డంగా వెళ్లి నిలబడ్డారు.